సగటు మావయ్య గిరాకీ లెక్క

తలుపు కనిపిస్తే చాలు, సగటు మావయ్య దానికి ఎదురుగా చతికిలబడతాడు. బ్యాంకు తలుపు, మందుల షాపు తలుపు, పళ్ళ డాక్టరు తలుపు, ఏదైనా ఆయనకి ఒకటే. లోపలికి వెళ్ళేవాళ్ళని కాసేపు చూస్తాడు. తరవాత కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతాడు. తెలియనివాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆయన చేసేది గుణకారం. కళ్ళు తెరిచి, వచ్చే గంటలో ఇంకా ఎంతమంది రావచ్చో, అసలు ఎవరూ రాకుండా పోయే అవకాశమెంతో చెప్పేస్తాడు. అడిగినవాళ్ళకి క్లుప్తంగా చెప్తాడు. అడగనివాళ్ళకి వివరంగా చెప్తాడు.

ఆయన ఉద్యోగం చేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఏ వేళకి ఎన్ని కాల్స్ రావచ్చో అంచనా కట్టి, ఎన్ని లైన్లుంటే జనం తిట్టుకోకుండా మాట్లాడుకుంటారో తేల్చడం ఆయన పని. తరవాత ఫోన్లు జేబుల్లోకి వచ్చేశాయి. ఎక్స్ఛేంజి గదుల్లో ఎవరో సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు. మావయ్య రిటైరయ్యాడు గానీ ఆయన లెక్క రిటైరవలేదు. అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. మేనకోడలి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ ఆయన సగటు మావయ్యే.

ఆ లెక్క కనిపెట్టినాయన పాయిసన్ అని, ఎప్పుడో పోయిన ఫ్రెంచి పెద్దమనిషి. మావయ్య మాటకి ముందోసారి వెనకోసారి ఆయన్ని తలుచుకోవడం విని, మావయ్య తల్లి ఆయన పై ఆఫీసరని నమ్మింది. ‘నిన్నింత పైకి తెచ్చాడు, ఒక్కపూట భోజనానికి పిలవరా’ అని చాలాకాలం పోరింది. పిలవలేనమ్మా, పోయారు అంటే పాపం ఒక పూటంతా దిగులుపడింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆయన పాయిసన్‌గారు.

“ఏమంటున్నారు పాయిసన్‌గారు? సాయంత్రం వాన పడుతుందా?” అని అడిగేది మావయ్య అక్క, అంటే మేనకోడలి తల్లి.

“వాన ఆయన శాఖ కాదక్కా. గొడుగులు కొనడానికి ఎంతమంది వస్తారో అడుగు, చెప్తాను.”

సూత్రం ఏమిటని అడిగితే మావయ్య మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. సగటు తెలియాలి. వచ్చేవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు రావాలి, ఒకరు చెప్తే ఇంకొకరు రాకూడదు. ఇక సున్నా మంది వచ్చే అవకాశమెంత, ఒకరెంత, ఇద్దరెంత, ఏడుగురెంత, అన్నీ చెట్టు దులిపితే కాయలు రాలినట్టు రాలతాయి.

తన పెళ్ళికి కూడా హాలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే చుట్టాలని లెక్కపెడుతూ కూర్చున్నాడట. పెళ్ళికూతురు వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడితే, ‘కొంచెం జరగండి, గుమ్మం కనపడట్లేదు’ అన్నాడట. ఈ కథ అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది, ఆయన ఎదురుగానే చెప్తుంది.

“అప్పుడే వెనక్కి వెళ్ళిపోకపోయావా అత్తయ్యా?” అని మేనకోడలు అడిగేది.

“వెళ్ళబోయానే. ‘నేను మీ లెక్కలోకి రానా?’ అని అడిగాను. ‘నువ్వు ఒక్కసారే జరుగుతావు, నీకు సగటు తియ్యడం కుదరదు’ అన్నారు. ఆ మాట మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకునేలోపు పెళ్ళయిపోయింది.”

బస్‌స్టాపులో ఇంకో గోల. “అరగంటైంది నిలబడి. ఇక వచ్చేస్తుంది లెండి” అని అత్తయ్య అంటే, మావయ్య జాలిగా తల ఊపేవాడు.

“మనం అరగంట నిలబడ్డామని బస్సుకి తెలుసా? పాయిసన్‌గారి దగ్గర అదే అందం. ఆయనకి జ్ఞాపకం ఉండదు. ఇందాక ఏమైందో, నిన్న ఏమైందో, ఏదీ పట్టదు. ప్రతి నిమిషం కొత్తదే.”

“పెళ్ళిరోజు మర్చిపోయే జబ్బు మీ ఒక్కరిదే అనుకున్నాను. గురువుగారి నుంచి వచ్చిందన్నమాట.”

అంతలో ఒకదాని వెనక ఒకటి రెండు బస్సులొచ్చేవి. మావయ్య చేతులు రుద్దుకునేవాడు. “చూశావా, గుత్తులు! తమంతట తాము వచ్చేవి ఎప్పుడూ గుత్తులుగానే వస్తాయి. కొలిచినట్టు సమానంగా వస్తున్నాయంటే, వెనక ఎవరో కూర్చుని పంపుతున్నట్టే లెక్క.” ఆ మురిపెంలో రెండు బస్సులూ వెళ్ళిపోయేవి.

ఇలాంటి మావయ్య ఉన్న ఇంటి ఆడపిల్ల ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు గానీ, కొట్టు మాత్రం పెట్టకూడదు. మేనకోడలు కళ్ళజోళ్ల కొట్టు పెట్టింది.

అంతకుముందు ఆమె పెద్ద బజారులో, మెట్లు కూడా అద్దాలతో కట్టిన కళ్ళజోళ్ల షాపులో పనిచేసేది. అక్కడ మనిషికి ఇంత సేపని గీత గీసి ఉండేది. ముక్కు మీద టెస్టు ఫ్రేము పెట్టి, లెన్సు మార్చి, ‘ఇలా బాగుందా, అలా బాగుందా’ అని అడిగేది. జవాబు వచ్చేలోపు వెనకనుంచి మేనేజరు దగ్గేవాడు. ఒకరోజు ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, చాలా బాగుందమ్మా అని దణ్ణం పెట్టి, తిన్నగా వెళ్ళి గాజు తలుపుకి గుద్దుకున్నాడు. మేనేజరు తలుపుకేమైనా అయిందేమో చూశాడు. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం మానేసింది. ఎవరికి ఎంతసేపు పడితే అంతసేపు కూర్చోబెట్టి చూసే కొట్టు ఒకటి ఈ లోకంలో ఉండాలని ఆమె కోరిక.

కొట్టు చిన్నదే. ముందంతా గాజు, లోపల గోడల నిండా ఫ్రేములు, చివర అక్షరాల పలక, దాని ముందు కుర్చీ, మధ్యలో నీలం కర్టెను. తలుపు ఒకటే. మావయ్యకి ఇంకేం కావాలి? మొదటిరోజు పొద్దున్నే స్టూలు పట్టుకుని వచ్చేశాడు.

“నేనెవరికీ అడ్డం రానే తల్లీ. ఊరికే సగటు పట్టుకుంటాను.”

మొదటి గిరాకీ గుమ్మంలో కాలు పెట్టాడో లేదో మావయ్య లేచి నిలబడ్డాడు. “రండి, రండి! మీరు రావడానికి నూటికి పాతిక పైనే అవకాశముంది. వచ్చారు!” ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. “లేదండీ, టైమెంతయిందో అడుగుదామని...” అంటూ అటు నుంచి అటే వెళ్ళిపోయాడు. రెండో ఆవిడ లోపలిదాకా వచ్చింది గానీ, “మీ తరవాత ఇంకెవరూ రాకపోవచ్చు, నిదానంగా చూసుకోండి” అని మావయ్య భరోసా ఇచ్చేసరికి ఆవిడకి కొట్టు మీదే అనుమానం వచ్చింది. మూడోరోజు మేనకోడలు స్టూలు తీసుకెళ్ళి వెనకగదిలో పెట్టింది.

“మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు అలా లెక్కపెడుతుంటే వాళ్ళకి తాము కళ్ళజోడు కోసం వచ్చామో, జనాభా లెక్కలకి వచ్చామో తెలియట్లేదు.”

“సరే, సరే. సగటు దొరికింది లే. పూటకి ఇద్దరు.”

“ఇద్దరా? ఇవాళ పొద్దుట్నుంచి ఒక్కరూ రాలేదు.”

“సగటు రెండైతే ఏడు పూటల్లో ఒక పూట ఎవరూ రారు తల్లీ. అది నీ తప్పు కాదు, నీ కొట్టు తప్పు కాదు. లెక్క. ఇంకో వింత చెప్పనా? ఒకరు రావడానికీ ఇద్దరు రావడానికీ అవకాశం సమానం. పాయిసన్‌గారికి ఇద్దరి మీదా ఒకటే ప్రేమ.”

ఆ మాటకి ఆమె నవ్వింది. కానీ వానాకాలం వెళ్ళేసరికి సగటు ఇద్దరూ లేదు, ఒకరూ లేదు. మావయ్య వచ్చి కొత్త సగటు చెప్పడం మానేశాడు. అడిగితే, ‘ఇంకా చూడాలి’ అని గోడల వంక చూసేవాడు.

ఆ మధ్యాహ్నాలు విచిత్రంగా ఉండేవి. ఎండ వీధి దాటి గాజులోంచి లోపలికి జారేది. ఒక్కో ఫ్రేములోంచి ఒక్కో చిన్న వెలుగుముక్క ఎదుటి గోడ మీద పడి, ఫ్యాను గాలికి ఫ్రేములు కదిలితే అవీ కదిలేవి. గోడ మీద నీళ్ళు ఆడుతున్నట్టుండేది. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వాటిని చూస్తూ, తను కూర్చున్నది కొట్టులోనో, ఏ చెరువు అడుగునో మర్చిపోయేది. బయట చెప్పుల చప్పుడు వినిపిస్తే లేచేది. చప్పుడు దాటిపోతే కూర్చునేది. ఈగలు తోలుకుందామన్నా అంత శుభ్రమైన కొట్లో ఈగ కూడా లేదు.

ఏమీ తోచక టెస్టు ఫ్రేము తన ముక్కుకే తగిలించుకుని, ఒక్కో లెన్సూ వేసి వీధి చూసేది. ఒకటి వేస్తే మనుషులు రంగుమరకలైపోయి, ఒకళ్ళలోంచి ఒకళ్ళు మెత్తగా దాటిపోయేవారు. అలా చూస్తే ఆ మరకల్లో ఎవరైనా ఇటు తిరగొచ్చుననిపించేది. ఒక లెన్సు కంటి దగ్గర పెట్టి, ఇంకోటి చెయ్యి చాచి పట్టుకుంటే దూరం దగ్గరికొచ్చేది. వీధి మూలనున్న లాండ్రీ, దాని ముందు తాళ్ళ మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు, ఇస్త్రీ ఆవిడ పెట్టెలోంచి లేచే ఆవిరి, అన్నీ కిటికీ పక్కకి వచ్చి నిలబడేవి. దుప్పట్లు గాలికి ఉబ్బి, మళ్ళీ నెమ్మదిగా దిగేవి. చూస్తూ చూస్తూ ఆమెకి కునుకు పట్టేది.

పక్కనే ఫోటో స్టూడియో. స్టూడియో ఆయన మంచివాడే గానీ ఆయనకి స్థలం చాలట్లేదు. మధ్య గోడ కొట్టేస్తే పెళ్ళి గుంపులు కూడా ఒకే ఫోటోలో పడతాయని ఆయన లెక్క. ఒకరోజు గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగాడు.

“తప్పుగా అనుకోకమ్మా. రోజూ చూస్తూనే ఉన్నా. నెలాఖరున కొట్టు అద్దె ఒప్పందం అయిపోతుందటగా. నువ్వు వదులుకునేట్టుంటే నేను తీసుకుంటాను. తొందరేం లేదు, ఆ రోజు సాయంత్రం చెప్పు చాలు.”

తొందర లేదంటూనే ఆయన గోడ మీద రెండుసార్లు కొట్టి, మందమెంతో విన్నాడు. వదులుకుంటే ఆమె మళ్ళీ అద్దాల మెట్లెక్కాలి. మేనేజరు దగ్గు మళ్ళీ వెనకే. ఆ సంగతి ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. తల్లి నిట్టూర్చింది. అత్తయ్య ఏదో అనబోయి మొగుడి వంక చూసింది. మావయ్య అన్నం కలుపుతున్నాడు.

“పాయిసన్‌గారు ఏమంటారు మావయ్యా?” అని ఆమే అడిగింది.

“నిన్న ఎవరూ రాలేదని ఇవాళ్టికి తెలియదు తల్లీ” అన్నాడు మావయ్య. అంతే అన్నాడు. అంత పొట్టి జవాబు ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

మర్నాటి నుంచి మావయ్య కొట్టుకి రావడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులట. కొట్టుకేమో మనుషులు రావడం మొదలుపెట్టారు.

మొదట ఒక పెద్దావిడ వచ్చింది. గుమ్మంలోనే “నమస్కారం, ఏ నంబరు కావాలండీ?” అని, నాలిక కరుచుకుని, “కాదు కాదు, నాకే కావాలి, కళ్ళజోడు” అంది. కుర్చీలో కూర్చుని అక్షరాలన్నీ గడగడా చదివేసింది. పలక తిరగేసి పెట్టినా అవే అక్షరాలు చదివింది. మేనకోడలికి సంగతి అర్థమై, లెన్సు మార్చి అడిగింది, మళ్ళీ మార్చి అడిగింది. చివరికి ఆవిడ తల దించుకుని, “నిజం చెప్పాలంటే నాకేమీ కనపడట్లేదమ్మా” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ లేచేసరికి సాయంత్రం గోడ మీది వెలుగులు కూడా వెళ్ళిపోయాయి.

ఆ తరవాత ఒక పూట ఎవరూ లేరు. మరో పూట ముగ్గురు ఒకేసారి. మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఇద్దరు. అందరూ పెద్దవాళ్ళే. అందరూ గుమ్మం ఎక్కేముందు వాచీ చూసుకునేవారు. ఒకాయన లోపలికొచ్చి, ‘అయ్యో, తొందరపడ్డానేమో’ అని బయటికెళ్ళి, వీధి చివరి దాకా నడిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఎటో చూసి, తల ఊపి మళ్ళీ వచ్చాడు. కళ్ళు కనపడని వాళ్ళకి ఇలాంటివి మామూలేనని ఆమె సరిపెట్టుకుంది.

ఆమెకి వింతగా తోచింది ఒక్కటే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఇక ఇంతేలే అనుకుంటుందా, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు గుమ్మం ఎక్కేవారు. గాజు దగ్గరికొచ్చి వీధి అటూ ఇటూ చూస్తుందా, చూపు తిప్పేలోపు ఎవరో నవ్వుతూ వచ్చేవారు. మనసులో అనుకున్నది వీధికి వినిపిస్తోందేమో అనిపించేది. కొట్లో తను మేలుకుని ఉన్నదో కలలో ఉన్నదో తేల్చుకోవడానికి ఒకటిరెండుసార్లు గిల్లుకుంది కూడా. లెన్సులు పట్టుకుని దూరం చూస్తే అవే దుప్పట్లు, అదే ఆవిరి. దుప్పట్ల కింద మాత్రం ఈమధ్య చాలా జతల చెప్పులు కనిపిస్తున్నాయి. లాండ్రీకి గిరాకీ బాగున్నట్టుందని ఆమె సంతోషించింది.

నెలాఖరు రోజు వచ్చింది. సాయంత్రం స్టూడియో ఆయనకి మాట చెప్పాలి. ఆమె మనసు అప్పటికే ‘ఉంటాను’ వైపు మొగ్గింది. ఆ మధ్యాహ్నం ఒక పొడుగాటి ముసలాయన వచ్చి, చూపించుకుని, ఫ్రేము ఎంచుకుని వెళ్తూ వెళ్తూ టోపీ కుర్చీలో మర్చిపోయాడు. ఆమె టోపీ పట్టుకుని వెనకే పరిగెత్తింది. ఆయన లాండ్రీ దగ్గర మలుపు తిరిగి, దుప్పట్ల మధ్యలోంచి లోపలికి దూరిపోయాడు. లోపలినుంచి మాటలు వినిపించాయి.

“మా వల్ల కాదు సార్, ఇంత ఎండలో ఇంకెంతసేపు?”

“ఆపరేటరమ్మగారూ, ఇంకో నంబరు చదవండి. చివరి అంకెలు చాలు.”

“ఏడు, రెండు.”

“డెబ్భై రెండు... అంటే కొంచెంసేపు ఆగాలి. లేదు, చాలాసేపు ఆగాలి. మొన్నటిలా ఇద్దరూ కలిసి వెళ్ళాల్సొచ్చినా రావచ్చు. గుత్తులుండాలి, గుత్తులు!”

మేనకోడలు దుప్పటి ఎత్తింది.

బెంచీ మీద వరసగా ముగ్గురు. ఒకావిడ, ఏ నంబరు కావాలని అడిగిన పెద్దావిడే, తను చేసిచ్చిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో ఇటుకంత పాత టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి పట్టుకుంది. టోపీ మర్చిపోయినాయన పక్కన నిలబడ్డాడు. మధ్యలో, మోకాళ్ళ నొప్పులతో మంచమెక్కాల్సిన సగటు మావయ్య, చేతిలో వాచీ పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

“టోపీ” అంది మేనకోడలు.

“అంతా మా ఎక్స్ఛేంజివాళ్ళే తల్లీ, ఈయన లైన్‌మన్” అన్నాడు మావయ్య, అదేదో జవాబైనట్టు.

“అంటే వచ్చినవాళ్ళంతా నువ్వు పంపినవాళ్ళేనా? ఇన్నాళ్ళూ నా గిరాకీ అంతా నాటకమా?” అంది మేనకోడలు. “సాయంత్రం ఉంటానని చెప్పబోతున్నాను మావయ్యా. ఏది చూసుకుని చెప్పాలి?”

ఆపరేటరమ్మే డైరెక్టరీ మూసి పక్కన పెట్టింది.

“నాటకమేమిటమ్మాయ్? చూపు నాటకం ఆడుతుందా? పెద్ద షాపుకి రెండుసార్లు వెళ్ళాను. వాళ్ళ తొందర చూసి, కనపడకపోయినా బట్టీపట్టి చదివేసి, కళ్ళజోడు తెచ్చుకుని బీరువాలో పెట్టాను. మొన్న నీ దగ్గర నిజం చెప్పాను. ఇదిగో, ఇప్పుడు నంబర్లు చదువుతున్నాను. వీళ్ళంతా మసక చూపులతో ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళే. కళ్ళజోడు మాకు కావలసిందే. ఎప్పుడు వెళ్ళాలన్నది ఒక్కటే మీ మావయ్య పెత్తనం.”

“మరి మీ ఇష్టమొచ్చినప్పుడు రావచ్చుగా?”

“అందరూ మొదటిరోజు పొద్దున్నే వెళ్తామన్నారు తల్లీ” అన్నాడు మావయ్య, వాచీ వంక చూస్తూ. “ఒకపూట కిక్కిరిసిపోయి మర్నాటి నుంచి ఖాళీ అయితే నీ మొహం చిన్నబోతుంది. అది నేను చూడలేను. పోనీ కొలిచినట్టు పంపుదామా అంటే, నువ్వు నా మేనకోడలివి, రెండు పూటల్లో పట్టేస్తావు. అందుకని డైరెక్టరీ తెరిచి, వేలు పడ్డ నంబరుని బట్టి ఎవరెప్పుడో తేల్చాను. అచ్చం పాయిసన్‌గారి పద్ధతి. నిఖార్సైన గిరాకీ ఎలా వస్తుందో అలా.”

ఇస్త్రీ ఆవిడ పెట్టె నిలువుగా నిలబెట్టి, చీరకొంగుతో మొహం తుడుచుకుంది.

“ఎవరండీ ఆ పాయిసన్‌గారు? నేనొక్కరోజూ ఆయన మాట చెల్లడం చూళ్ళేదు. ఆవిడ నంబరు చదువుతుంది. ఈయన వేళ్ళు లెక్కపెట్టి, ఇంకా గంట ఆగాలంటాడు. అందరూ కాళ్ళు చాపుకుంటారు. అంతలో దుప్పటి సందులోంచి నీ కొట్టు వంక చూస్తాడు. నువ్వు గడ్డం కింద చెయ్యి పెట్టావా, ఇక ఆగడు. ‘లేవండి, లేవండి, ఎవరో ఒకరు వెళ్ళండి’ అని తోసేస్తాడు.”

“ఒకటిరెండుసార్లు...” అన్నాడు మావయ్య నీరసంగా.

“నేను సగం టీలో లేచాను సార్” అన్నాడు లైన్‌మన్.

“నువ్వు గాజు దగ్గరికొచ్చి నిలబడిన రోజైతే ముగ్గుర్ని ఒకేసారి పంపారు” అంది ఆపరేటరమ్మ. “ఇదేమిటండీ, డైరెక్టరీ ఒక్కరినే కదా వెళ్ళమంది అంటే, ‘డైరెక్టరీ పాతది’ అన్నారు.”

ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారి మేనకోడలి కళ్ళ ముందు తిరిగాయి. వీధికి తన మనసు వినిపిస్తోందనుకుంది. విన్నది వీధి కాదు. ఏడవాలో నవ్వాలో తెలియక టోపీని నలిపేసింది. లైన్‌మన్ మెల్లగా ఆమె చేతిలోంచి దాన్ని విడిపించుకున్నాడు.

“ఇంకా ఎంతమంది ఉన్నారు మావయ్యా?” అంది చివరికి.

“వీళ్ళిద్దరే” అన్నాడు మావయ్య, బెంచీ చివర చూపించి.

“ఆ తరవాత?”

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆగాయి. కళ్ళు తెరిచి, “తెలియదు తల్లీ” అన్నాడు. అంకె లేకుండా జవాబు చెప్పడం అలవాటు లేక ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. దుప్పట్లు ఉబ్బి, నెమ్మదిగా దిగాయి.

అలా దిగిన దుప్పటి పైనుంచి ఆపరేటరమ్మ కొత్త కళ్ళజోడులోంచి దూరంగా చూసింది.

“ఆ ఎర్ర గొడుగు ఎవరు? కొట్టు ముందు నిలబడి లోపలికి తొంగిచూస్తోంది.”

అందరూ సందుల్లో కళ్ళు పెట్టారు. నడివయసు ఆవిడ, గొడుగు మడిచి, గాజు మీద వేలితో తడుతోంది.

“మీరు పంపారా?” అన్నాడు మావయ్య లైన్‌మన్‌తో.

“నేనెవర్ని పంపుతాను సార్? నా టోపీకే దిక్కులేదు.”

“మీరా?” ఆపరేటరమ్మ తల అడ్డంగా ఊపింది. బెంచీ మీది ఇద్దరూ తమ గుండెల మీద వేళ్ళు పెట్టుకుని, మేము ఇక్కడే ఉన్నాం కదా అన్నట్టు చూశారు. మావయ్య వేళ్ళు వాటంతటవే మడుచుకోవడం మొదలుపెట్టాయి.

“లెక్క తరవాత మావయ్యా!” అని మేనకోడలు పరుగు తీసింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “మా వీధిలో ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని పొద్దస్తమానం పేపరు చదువుతున్నాడమ్మా. ఎక్కడ చేయించావంటే ఇక్కడన్నాడు. తొందరపెట్టరటగా మీరు? నాకు జవాబు చెప్పడానికి కొంచెం టైము పడుతుంది, ముందే చెప్తున్నా.”

“నాకు అడగడానికి ఇంకా ఎక్కువ పడుతుంది” అని మేనకోడలు టెస్టు ఫ్రేము ఆవిడ ముక్కు మీద నిలబెట్టి, మొదటి లెన్సు వేసింది. “ఇలా బాగుందా, అలా బాగుందా?”

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. వెనక ఎవరూ దగ్గలేదు. నీలం కర్టెను మీద సాయంత్రపు వెలుగులు నిదానంగా పైకి పాకుతున్నాయి.

బయట మెట్టు మీద మావయ్య వచ్చి కూర్చున్నాడు, పక్కన ఆపరేటరమ్మ. లోపలి మాటలు అక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ మోచేత్తో పొడిచింది.

“విన్నారా? ఒకరు చెప్తే ఒకరు వస్తున్నారు. ఎవరి దారిన వాళ్ళు రాకపోతే మీ లెక్క పనికిరాదని మీరే అనేవారు.”

“పనికిరాకపోనీ” అన్నాడు మావయ్య. ఆయన మొహం వెలిగిపోతోంది.

స్టూడియో ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. మెట్టు మీద వీళ్ళిద్దర్నీ, లోపల కర్టెనునీ చూసి ఆగాడు. కర్టెను వెనకనుంచే మేనకోడలి గొంతు వచ్చింది.

“మావయ్యా, ఆయన వచ్చారా? గోడ ఉంటుందని చెప్పు. ఏమీ అనుకోవద్దను. పెళ్ళి గుంపుల్ని రెండు ఫోటోలు తియ్యమను.”

స్టూడియో ఆయన టేపు జేబులో పెట్టుకున్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నా, మనిషి మంచివాడు కాబట్టి నవ్వాడు. తన కళ్ళముందే ఇంకో ఇద్దరు మెట్టెక్కి లోపలికి వెళ్ళడం చూసి, మావయ్య పక్కనే కూర్చున్నాడు.

“బాగానే వస్తున్నారే. పొద్దుట్నుంచి ఎంతమందండీ?”

మావయ్య తలుపు వంక చూశాడు. ఎప్పట్నుంచో దానికి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

“ఏమోనండీ” అన్నాడు. “లెక్కపెట్టలేదు.”

ఆపరేటరమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఈయన ఆయనేనా కాదా అని దగ్గరగా వంగి చూసింది.